ఆత్మగానము - దానిని పాడినవారు



ఒక పాట యెవరి సొత్తు? వ్రాసినవారిదా, పాడినవారిదా, విని కంట తడి పెట్టుకొన్నవారిదా? మన యిండ్లలో ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు. మంగళహారతులును, అప్పగింతల పాటలును, లాలిపాటలును కర్త పేరైనను తెలియకయే తల్లినుండి కూతునకు, అత్తనుండి కోడలికి సంక్రమించుచు వచ్చినవి. కాని పాట అంగడిలో అమ్ముడుపోవు సరకైన దేశములలో ఈ ప్రశ్నకు ధనముతోను, గౌరవముతోను, ఒక్కొక్కప్పుడు బ్రదుకుతెరువుతోను సంబంధము కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నల్లజాతివారు లోకమునకు ప్రసాదించిన "సోల్" సంగీతముయొక్క చరిత్రను పరికించినచో ఈ సంగతి స్పష్టపడును. సోల్ అనగా ఆత్మ. గత శతాబ్దపు ఆరవ, ఏడవ దశకములలో ఈ గానము వెలసి వర్ధిల్లినది. ఆ పాటలను గూర్చియు, వానిని పాడిన స్త్రీపురుషులను గూర్చియు మా పాఠకురాండ్రకు కొంత తెలుపవలెనని యీ వ్యాసమునకు పూనుకొంటిమి.

పాటకు పుట్టిల్లు

1619వ సంవత్సరమున వర్జీనియా తీరమున ఆఫ్రికావారు కొందరు బానిసలుగా దింపబడిరి. అది మొదలు 1865లో బానిసత్వము చట్టరీత్యా రద్దగువరకు తరతరములు ఆ దేశపు పొగాకు తోటలలోను, ప్రత్తిచేలలోను ఊడిగము చేసినవి. వారికి చదువు లేదు, ఆస్తి లేదు, కన్నబిడ్డలపై సయితము హక్కు లేదు. వారికి మిగిలినది కంఠము మాత్రమే. చేలో ఒకరు ఎత్తుకొనగా తక్కినవారు అందుకొనుట, క్రైస్తవ దేవాలయమున బోధకుడు ఒక మాట పలుకగా సభ యంతయు బదులు పలుకుట వారికి వాడుక యయ్యెను. మన భజనలలో ముందొకరు పాడి తక్కినవారు మరల పాడుటను ఎరిగిన మా సోదరీమణులకు ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. ఒక్క అక్షరమును పట్టుకొని అనేక స్వరములమీద నడపించుటయు వారి గానమునకు ప్రాణము.

ఇట్టి భక్తిగీతములకు "గాస్పెల్" అని పేరు. దీనిని తీర్చి దిద్దినవారిలో థామస్ డార్సీ అనునతడు ముఖ్యుడు. ఇతడు మొదట పానశాలలలోను, నాటకశాలలలోను పియానో వాయించి జీవించెను. పిమ్మట చికాగో నగరమున భక్తిగీతములు వ్రాయసాగెను. 1932 ఆగస్టులో ఇతడు సెయింట్ లూయీ నగరమున పాడుచుండగా తంతి వచ్చెను. ఇంటికడ ప్రసవవేదనతో భార్య నెట్టీ మరణించినదనియే ఆ వార్త. పుట్టిన బిడ్డయు దక్కలేదు. ఆ దుఃఖములోనుండి "ప్రెషస్ లార్డ్" అను గీతము పుట్టినది. చేయి పట్టుకొని నడిపింపుమని భగవంతుని వేడుకొనుటయే దాని భావము. పురిటి గదిలో ఆరిపోయిన ఒక తల్లి ప్రాణము ఈ పాటకు మూలమని మేము మరువలేకున్నాము. ఈ పాట ముందు మరల వచ్చును గాన పాఠకురాండ్రు దీనిని గుర్తుంచుకొందురు గాక.

గుడి పాట వీధికి వచ్చుట

భక్తిగీతముల బాణీని లౌకికమైన ప్రేమకథలకు తొడిగినవారిలో అగ్రగణ్యుడు రే చార్లెసు. ఇతడు 1930లో జార్జియా రాష్ట్రమున పుట్టెను. తల్లి బట్టలుతికి కుటుంబమును పోషించుచుండెను. ఏడేండ్లు నిండునప్పటికి బాలునకు చూపు పూర్తిగా పోయెను. ఆ తల్లి కన్నీరు కార్చుచు కూర్చుండలేదు. గ్రుడ్డివాడని పని మాన్పింపక, కట్టెలు కొట్టుట, ఇల్లు తుడుచుట మొదలగు పనులను కుమారునకు నేర్పెను. తాను లేని దినమున వాడెట్లు బ్రదుకునన్నదే ఆమె చింత. ఇరుగుపొరుగువారు ఆమెను కఠినురాలనిరట. కుమారునకు పదునాలుగేండ్ల ప్రాయమున ఆమె మరణించెను. ఆనాటినుండి అతడు తన కాళ్లమీద నిలిచి బ్రదికెనన్నచో అది ఆ తల్లి చలువయే. అంధుల పాఠశాలలో సంగీతము నేర్చి, 1954లో ఒక భక్తిగీతపు వరుసను తీసికొని "ఐ గాట్ ఏ ఉమన్" అను ప్రేమగీతము పాడెను. దేవుని పాటను అపవిత్రము చేసెనని పెద్దలు కొందరు మండిపడిరి. యువజనులు మాత్రము ఎగబడి వినిరి. సోల్ సంగీతమునకు ఇదియే తొలి అడుగని పలువురు చెప్పుదురు. ఇతడు గానమున ఎంత ప్రజ్ఞావంతుడో వ్యవహారమున అంత జాగరూకుడు. 1959లో క్రొత్త కంపెనీతో ఒడంబడిక చేసికొనునపుడు తాను పాడిన రికార్డుల మూలప్రతులు తనకే చెందవలెనని వ్రాయించుకొనెను. ఆ కాలపు గాయకులలో అట్టి హక్కు పొందినవారు అరుదు.

శామ్ కుక్ అనునతడును అట్టివాడే. 1931లో మిసిసిపీ రాష్ట్రమున పుట్టి చికాగోలో పెరిగిన ఈ బోధకుని కుమారుడు, సుమారు పందొమ్మిదేండ్లకే "సోల్ స్టిర్రర్స్" అను భక్తగాయక బృందమున ముఖ్యగాయకుడయ్యెను. 1957లో "యూ సెండ్ మీ" అను ప్రేమగీతము దేశమున ప్రథమస్థానము నందెను. పట్టువంటి కంఠము, చూడముచ్చటయైన రూపము, వ్యాపారదక్షత, ఈ మూడును అతనియందు కలవు. తన పాటలపై హక్కులు తనవద్దనే యుంచుకొని స్వయముగా రికార్డు కంపెనీ స్థాపించెను. ఇంత పేరుగన్నవానికి 1963 అక్టోబరులో లూయిజియానా రాష్ట్రమున ఒక వసతిగృహమున నల్లవాడగుటచే గది దొరకలేదు. వాదులాడినందులకు పోలీసువారు నిర్బంధించిరి. అదే సంవత్సరము వేసవిలో అతని పసిబిడ్డ ఇంటి యీతకొలనులో పడి మరణించియుండెను. ఈ రెండు గాయములును మానకముందే "ఏ చేంజ్ ఈజ్ గొన్నా కమ్" అను పాట వ్రాసెను. మార్పు ఆలస్యముగా వచ్చినను వచ్చితీరునని దాని సారాంశము. 1964 జనవరిలో దానిని రికార్డు చేసెను. అదే సంవత్సరము డిసెంబరు 11వ తేదీన లాసేంజలీసు నగరమున తుపాకి దెబ్బకు గురియై ముప్పదిమూడేండ్లకే మరణించెను. పదునొకండు దినములకు ఆ పాట విడి రికార్డుగా వెలువడెను. అందు నల్లవారిని ఊరిలో తిరుగనీయరను చరణమును తీసివేసి అమ్మిరి. అయినను ఆ పాట నల్లజాతివారి స్వాతంత్ర్యోద్యమమునకు స్తోత్రమైనది.

తాకట్టు పడిన ఇల్లు

ఇక మెంఫిస్ నగరపు కథ వినుడు. జిమ్ స్టూవర్టు అను బ్యాంకి ఉద్యోగి 1957లో చిన్న రికార్డు కంపెనీ పెట్టెను. అతనికి మంచి యంత్రము కొనుటకు డబ్బు లేదు. అతని అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ గృహిణి. పూర్వము ఉపాధ్యాయిని, అప్పుడు బ్యాంకిలో పని చేయుచుండెను. ఆమె భర్తను ఒప్పించి తమ యింటిని తాకట్టు పెట్టి సొమ్ము తెచ్చి తమ్మునకు ఇచ్చెను. 1960లో ఒక పాత సినిమాహాలును అద్దెకు తీసికొని దానిని సంగీతశాలగా మార్చిరి. మిఠాయిలమ్ము గదిలో ఎస్టెల్ రికార్డుల దుకాణము తెరచెను. పేటలోని నల్లపిల్లలు వచ్చి పాటలు వినుచుండగా, వారికేది నచ్చినది, ఏల నచ్చినదని ఆమె అడిగి తెలిసికొనుచుండెడిది. ఆ దుకాణమే ఆ కంపెనీకి బడి. స్టూవర్టు, ఆక్స్‌టన్ అను రెండు ఇంటిపేర్ల మొదటి అక్షరములను కలిపి "స్టాక్స్" అని పేరు పెట్టిరి. అన్నదమ్ముల ఆస్తిలో ఆడువారి పేరు కానరాని లోకమున, ఇల్లు తాకట్టు పెట్టిన ఇల్లాలి పేరు కంపెనీ పేరులో సగమగుట మాకు ముచ్చట గొలిపినది.

ఆ సంగీతశాలలో తెల్లవారును నల్లవారును ఒక్కచోట కూర్చుండి వాయించిరి. వెలుపల హోటలులో కలిసి భుజించుటకైనను వీలులేని కాలమది. 1962లో ఒక వాద్యగానికి కారు నడుపుకొనుచు వచ్చిన యువకుడొకడు, దినాంతమున మిగిలిన కొద్ది సమయములో తానును పాడెదనని వేడుకొనెను. అతడే ఓటిస్ రెడ్డింగు. ఆ రోజు పాడిన "దీజ్ ఆర్మ్స్ ఆఫ్ మైన్" అను పాట అతనిని గాయకుని జేసెను. తండ్రి వ్యాధిగ్రస్తుడు కాగా పదునైదేండ్లకే బడి మాని, నూతులు త్రవ్వియు, పెట్రోలు అమ్మియు కుటుంబమును పోషించినవాడు. 1967 డిసెంబరు 10వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమున విమానము చెరువులో కూలి ఇరువదియారేండ్లకే మరణించెను. కొన్ని దినములకు ముందు పాడిన "డాక్ ఆఫ్ ది బే" అను పాట మరుసటి నెలలో వెలువడి ప్రథమస్థానము నందెను. దాని చివర మాటలు లేక ఈల మాత్రము వినబడును. రేవుగట్టున ఒంటరిగా కూర్చున్నవాని మనస్సు ఆ ఈలలో ఎట్లు పలికినదో విన్నవారికే తెలియును. అతని భార్య జెల్మా చిన్నతనముననే వితంతువై పిల్లలను పెంచి పెద్దచేసెను. ఆమె వ్రాసికొన్న కవితయే భర్త కంఠమున "ఐ హావ్ గాట్ డ్రీమ్స్ టు రిమెంబర్" అను పాటయై 1968లో వెలువడినది.

ఆ ఊరనే లోరేన్ అను వసతిగృహము ఉండెను. నల్లవారికి గదులిచ్చు మంచి విడుదులు తక్కువ గాన స్టాక్సువారి గాయకులు అచ్చట బస చేసి పాటలు కట్టుచుండిరి. 1968 ఏప్రిలు 4వ తేదీన ఆ గృహపు వసారాలోనే డాక్టరు మార్టిన్ లూథర్ కింగు హత్య చేయబడెను. 1959లో సతీసమేతుడై మన దేశమునకు వచ్చి, గాంధీమహాత్ముని మార్గమును కన్నులార చూచిపోయిన మహనీయుడాయన. తుదిక్షణములలో ఆయన, ఆనాటి సభలో "ప్రెషస్ లార్డ్" వాయింపుమని ఒక వాద్యకుని కోరియుండెను. అంత్యక్రియలనాడు మహాలియా జాక్సన్ అను భక్తగాయని ఆ పాటనే పాడెను. భార్యను పోగొట్టుకొన్న ఒక వ్యక్తి ఏడ్పు ముప్పదియారు సంవత్సరములకు ఒక జాతి యేడ్పయినది.

చీటీ డబ్బుతో పుట్టిన కంపెనీ

ఉత్తరమున డిట్రాయిట్ నగరమున నల్లవారే స్థాపించిన కంపెనీ "మోటౌన్". దీని స్థాపకుడు బెర్రీ గోర్డీ. అతని కుటుంబమువారు నెలనెల కొంత సొమ్ము వేసికొని ఒక నిధి నడుపుచుండిరి. మన చీటీల వంటిదే. 1959 జనవరిలో ఆ నిధినుండి 800 డాలర్లు అప్పుగా తీసికొని గోర్డీ వ్యాపారము మొదలుపెట్టెను. సామాన్యమైన ఒక యిల్లు కొని క్రిందిభాగమున పాటలు రికార్డు చేయుచు, పైభాగమున కాపురముండెను. అతని అక్కచెల్లెండ్రు లెక్కలు మొదలగు కార్యాలయపు పనులు చూచుకొనిరి. ఆ యిల్లు ఇప్పుడు ప్రదర్శనశాల.

ఇచ్చటి గాయనులలో పలువురు బడిపిల్లలు. 1961లో "ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మాన్" పాడి ఆ కంపెనీకి తొలిసారి దేశపు ప్రథమస్థానము తెచ్చిన మార్వలెట్సు బాలికలు ఒకే పాఠశాలవారు. "డాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్" పాడిన మార్తా రీవ్సు అంతకుముందు ఆ కార్యాలయముననే ఉత్తరములు వ్రాయు ఉద్యోగిని. ఇట్టి పిల్లలకు మాక్సిన్ పవెల్ అను పెద్దామె నడక, కూర్చుండు తీరు, మాట మన్నన నేర్పెను. రాజప్రాసాదమునకును, దేశాధ్యక్షుని భవనమునకును తగినవారుగా మిమ్ము తీర్చుచున్నానని ఆమె చెప్పుచుండెడిది. తెల్లవారి మెప్పుకొరకు ఈ మెరుగులేల యని ఆక్షేపించినవారును కలరు. కాని పేదవాడలలో పుట్టిన ఆ బాలికలకు తల యెత్తి నడుచుట నేర్పినదని మార్తా మొదలగువారు ఆమెను జీవితాంతము గౌరవించిరి. ఆమె 2013లో తొంబదియెనిమిదేండ్ల వయస్సున మరణించెను.

మెరుగుల వెనుక చీకటియు కలదు. డయానా రాస్, మేరీ విల్సన్, ఫ్లారెన్సు బల్లార్డు అను ముగ్గురు బాలికల "సుప్రీమ్సు" బృందము పండ్రెండుసార్లు ప్రథమస్థానము నందినది. ఆ బృందమునకు నాంది పలికినది ఫ్లారెన్సు. కాని రానురాను డయానా ముందునకును, ఈమె వెనుకకును జరిగిరి. 1967లో ఈమె తొలగింపబడెను. చేతికి వచ్చిన సొమ్ము నిలువలేదు, ఇల్లు పోయినది, ప్రభుత్వ సహాయముతో పిల్లలను సాకవలసి వచ్చినది. 1976లో ముప్పదిరెండేండ్లకే ఆమె కన్నుమూసెను. టామీ టెరెల్ అను మరియొక గాయని మార్విన్ గేతో కలిసి మధురమైన యుగళగీతములు పాడుచు, 1967లో వేదికమీదనే అతని చేతులలో ఒరిగిపోయెను. తలలో కంతి యని వైద్యులు తెలిసికొనిరి. పలు శస్త్రచికిత్సలైనను ఇరువదినాలుగేండ్ల ప్రాయమున 1970లో ఆమె గతించెను. మార్విన్ గే ఆ దుఃఖమున చాలకాలము వేదిక యెక్కలేదు. వియత్నాము యుద్ధమునుండి తిరిగివచ్చిన తమ్ముడు చెప్పిన సంగతులు అతని మనస్సును కలచివైచినవి. అప్పుడు 1971లో "వాట్స్ గోయింగ్ ఆన్" వెలువడినది. ఇది అమ్ముడుపోదని యజమాని వారించినను గాయకుడు పట్టు వదలలేదు. ఆ పాటయే మిక్కిలి విరివిగా అమ్ముడుపోయినది. అంతవరకు మోటౌను పాటలకు ప్రాణము పోసిన వాద్యకారుల పేర్లు రికార్డులపై అచ్చుపడి యెరుగవు. ఈ రికార్డు అట్టమీదనే అవి తొలిసారి కనబడినవి.

అరీతా

ఈ గాయకులందరిలోను రాణి యని లోకము కొనియాడినది అరీతా ఫ్రాంక్లినును. ఈమె 1942 మార్చి 25వ తేదీన మెంఫిసులో జన్మించి డిట్రాయిటులో పెరిగెను. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిను దేశవిఖ్యాతుడైన బోధకుడు. తల్లి బార్బరా గాయని, పియానో విద్వాంసురాలు. తల్లిదండ్రులు 1948లో వేరుపడిరి. అరీతాకు పది యేండ్లు నిండకముందే తల్లి మరణించెను. తల్లిలేని ఆ పిల్ల తండ్రి గుడిలో పాడి ఊరట పొందెను. ఇంటికి వచ్చుపోవు క్లారా వార్డు, మహాలియా జాక్సన్ వంటి మహాగాయనుల పాట వినియే విద్య నేర్చెను. పియానో చెవితో విని చేతితో పట్టుకొనెను. పదునాలుగేండ్ల వయస్సున తండ్రి దేవాలయమున ఆమె పాడిన భక్తిగీతములను రికార్డు చేసిరి. అందులో డార్సీ వ్రాసిన "ప్రెషస్ లార్డ్" కలదు. భార్యను కోల్పోయిన భర్త పాటను తల్లిని కోల్పోయిన బాలిక పాడినది.

1960లో ఈమె ఒక పెద్ద కంపెనీలో చేరెను. ఆరేండ్లపాటు అచ్చటివారు ఆమెచేత తమకు తోచిన పాటలు పాడించిరి. పేరు రాలేదు. 1967 జనవరిలో అట్లాంటిక్ కంపెనీవారు ఆమెను అలబామా రాష్ట్రమున మజిల్ షోల్సు అను చిన్న ఊరికి తీసికొనిపోయి పియానో ముందు కూర్చుండబెట్టి నీ యిచ్చవచ్చినట్లు పాడుమనిరి. ఒక్క దినముననే "ఐ నెవర్ లవ్డ్ ఏ మాన్" అను పాట పూర్తియైనది. ఆ రాత్రి ఆమె భర్తకును అక్కడివారికిని కలహము జరిగి పని నిలిచిపోయెను. తక్కిన పాటలు న్యూయార్కులో రికార్డు చేయవలసి వచ్చెను. అందులో ఒకటి "రెస్పెక్ట్". 1967 ఫిబ్రవరి 14వ తేదీన దానిని పాడెను.

ఈ పాటను వ్రాసి 1965లో మొదట పాడినవాడు ఓటిస్ రెడ్డింగే. అతని పాటలో భర్త పనిచేసి డబ్బు తెచ్చి ఇల్లు చేరునపుడు, భార్య తనకు మర్యాద చూపవలెనని అడుగును. అరీతా ఆ మాటలను తీసికొని భార్య నోట పలికించెను. పాట తలక్రిందులైనది. డబ్బు నాకును కలదు, నేను నీకు తక్కువ చేయలేదు, నాకు రావలసిన గౌరవము నాకిమ్ము అని ఇల్లాలు అడిగినట్లయినది. గౌరవమను ఆ ఆంగ్లపదమును అక్షరమక్షరముగా విడదీసి పలుకుట మూలమున లేదు. అది ఆమె చేర్చినదే. పలకమీద అక్షరములు దిద్దించు పంతులమ్మవలె ఆమె పలుకగా, ఆమె సోదరీమణులు ఎర్మా, కారొలిన్ వంత పాడిరి. తల్లి లేని ఆ యింటి ఆడుపిల్లల కంఠములు అట్లు ఒక్కటై వినవచ్చినవి. జూన్ మాసమున అది దేశమున ప్రథమస్థానమున నిలిచినది. ఆ నెలలోనే ఓటిస్ ఒక మహాసభలో ఆ పాట నెత్తుకొనుచు, దీనిని ఒక పిల్ల నావద్దనుండి తీసికొనిపోయినదని నవ్వుచు చెప్పెను. స్త్రీల హక్కులకై పాటుపడువారును, నల్లవారి హక్కులకై పోరాడువారును ఆ పాటను తమదిగా చేసికొనిరి. అంతకు నాలుగేండ్ల క్రిందట, 1963 జూనులో, డాక్టరు కింగు నడిచిన డిట్రాయిటు మహాప్రదర్శనమును నడిపించినవారిలో ఆమె తండ్రియు ఒకడు. ఆ యింట గౌరవమన్న మాట పాటకొరకు పుట్టినది కాదు. 1969లో ఆమె ఆ భర్తనుండి విడాకులు పొందెను.

ఇక మేము మొదట అడిగిన ప్రశ్నకు వచ్చెదము. పాట యెవరిది? ఆ దేశపు చట్టము ప్రకారము రేడియోలో పాట వినిపించినపుడు వ్రాసినవారికిని, ప్రచురించినవారికిని ప్రతిఫలము ముట్టును. పాడినవారికి ఏమియు రాదు. కావున "రెస్పెక్ట్" రేడియోలలో ఎన్ని లక్షలమార్లు మ్రోగినను, ఆ లెక్కన అరీతాకు జీవితాంతము దమ్మిడియైనను రాలేదు. అది రెడ్డింగు కుటుంబమునకు పోయినది. ఓటిసు భార్యాబిడ్డలకు ఆధారము దొరకినందుకు సంతోషింపవలసినదే. కాని ఆ పాటకు ప్రాణము పోసిన ఆమెకు రిక్తహస్తమా? పెర్సీ స్లెడ్జి అనునతడు ఆసుపత్రిలో రోగులకు పరిచర్య చేయు పనివాడు. 1966లో "వెన్ ఏ మాన్ లవ్స్ ఏ ఉమన్" పాడి ప్రథమస్థానము నందెను. పాట కట్టినవారిగా తన పేరు పెట్టుకొనక, ఇద్దరు సహచరుల పేర్లు వ్రాయించెను. ఆ ఉదారత్వముచే కర్తకు రావలసిన ఆదాయ మంతయు అతనికి దూరమైనది.

అరీతా ఇట్టి సంగతులను చూచి బుద్ధి నేర్చుకొన్నది. కచ్చేరీకి ముందే సొమ్ము చేత పడనిదే ఆమె వేదిక యెక్కెడిది కాదు. ఆ సొమ్మును తన చేతిసంచిలో నుంచి, ఆ సంచిని కన్నులకెదుట పెట్టుకొని పాడెడిది. దీనిని చూచి నవ్వినవారు కలరు. నల్లగాయకులు ఎందరు పాడి పాడి వట్టిచేతులతో ఇంటికి పోయిరో ఎరిగినవారు నవ్వలేదు.

1972 జనవరిలో లాసేంజలీసు నగరపు ఒక దేవాలయమున రెండు రాత్రులు ఆమె మరల భక్తిగీతములే పాడెను. "అమేజింగ్ గ్రేస్" అను ఆ రికార్డు ఆమె రికార్డులన్నిటిలో విఖ్యాతమైనది. దినముల వ్యవధిలోనే మహాలియా జాక్సన్ మరణింపగా, చికాగోలో ఆమె భౌతికదేహము కడ అరీతా "ప్రెషస్ లార్డ్" పాడెను. 1987లో రాక్ సంగీత గౌరవమందిరమున ప్రవేశము పొందిన తొలి స్త్రీ యయ్యెను. 2009 జనవరిలో నల్లజాతికి చెందిన తొలి దేశాధ్యక్షుని ప్రమాణస్వీకారమున పాడెను. 2015లో డెబ్బదిమూడేండ్ల ప్రాయమున "నాచురల్ ఉమన్" అను పాటను, దానిని కట్టినవారిలో నొకరగు కారొల్ కింగు ఎదుట పాడగా అధ్యక్షుడు ఒబామా కన్నులు తుడుచుకొనెను. 2018 ఆగస్టు 16వ తేదీన డిట్రాయిటులోని స్వగృహమున ఆమె పరమపదించెను.

ఇంత జాగ్రత్తగల ఆమె ఒక్క విషయమున ఏమరినది. క్రమమైన వీలునామా వ్రాయించి పెట్టలేదు. మరుసటి సంవత్సరము ఆమె చేతివ్రాత కాగితములు ఇంట దొరకినవి. అందులో 2014లో వ్రాసినది కూర్చుండు సోఫా దిండ్ల క్రింద నోటుపుస్తకమున నుండెను. ఏది చెల్లునని కుమారులు న్యాయస్థానమున వ్యాజ్యమాడిరి. 2023 జూలైలో 2014 నాటి వ్రాత చెల్లునని జూరీవారు తీర్పు చెప్పిరి. మన యిండ్లలోను బియ్యపు డబ్బాలలోను, చీరల మడతలలోను దాచిన కాగితము లెన్నియో కలవు గదా!

వినదలచినవారికి

ఈ పాటలు ఇప్పుడు చేతిలోని ఫోనులో సయితము దొరకును. వినగోరు సోదరీమణులు మొదట శామ్ కుక్ "ఏ చేంజ్ ఈజ్ గొన్నా కమ్" వినవచ్చును. పిదప "రెస్పెక్ట్" పాటను రెడ్డింగు పాడినది ముందును, అరీతా పాడినది వెనుకను వినినచో మాటలు దాదాపు అవియే యైనను అర్థ మెట్లు మారెనో తెలియును. గ్లాడిస్ నైటు 1973లో తన అన్నతోను, బంధువులతోను కలిసి పాడిన "మిడ్‌నైట్ ట్రెయిన్ టు జార్జియా"ను విడువరాదు. పట్నమున ఓడిపోయి సొంతయూరికి మరలిపోవు పురుషుని వెంట, అతని లోకమే తన లోకమని బయలుదేరు స్త్రీ కథ అది. ఆ కుటుంబ బృందము 1952లో అన్న పుట్టినరోజు పండుగనాడు ఇంటిలో పాడిన పాటతో మొదలైనది. తుదకు "అమేజింగ్ గ్రేస్" రికార్డును, ఇంటిపని ముగిసిన పిమ్మట, దీపము తగ్గించుకొని వినుడు. భాష తెలియకున్నను బాధ లేదు.

మన యింటి ఆడుపిల్లలలో పాడువారు కలరు. పెండ్లిచూపులనాడు ఒక్క పాట పాడించి, పెండ్లి కాగానే ఆ కంఠమును మూయించు ఆచారము ఇంకను అక్కడక్కడ కలదు. ఆ పిల్లకు పాట నేర్పునపుడే, తన పాటకు వెల కలదనియు, కాగితము చదువక చేవ్రాలు చేయరాదనియు కూడ నేర్పుట మంచిది. తమ్ముని కొరకు ఇల్లు తాకట్టు పెట్టిన ఎస్టెల్‌ను, గ్రుడ్డికుమారునిచేత కట్టెలు కొట్టించిన ఆ పేదతల్లిని, చేతిసంచి యెదుట పెట్టుకొని పాడిన అరీతాను మా సోదరీమణులు తమ బిడ్డలకు కథలుగా చెప్పుదురని మా ఆశ.